జర్మనీ లేచి నిలబడింది సరే, ఎవరి భుజాల మీద?

ప్రతి ఆగస్టు 15కీ, జనవరి 26కీ మన ఫ్యామిలీ గ్రూపుల్లో తప్పకుండా తిరిగే మెసేజ్ ఒకటుంది. 1945లో జర్మనీ బూడిదైపోయింది, మనకేమో 1947లో స్వాతంత్ర్యం వచ్చింది, ఇవాళ వాళ్ళెక్కడ మనమెక్కడ, ఎందుకంటే వాళ్ళకి క్రమశిక్షణ ఉంది, ప్రశ్నలు వెయ్యకుండా పని చేసుకుపోతారు, గతాన్ని తవ్వుకోకుండా ముందుకెళ్ళారు అని. కింద రెండు జెండాలు, దండం పెట్టే చేతులు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నేను చాలా ఏళ్ళుగా స్టుట్‌గార్ట్ పక్కన లుడ్విగ్స్‌బుర్గ్ అనే ఊళ్ళో ఉంటున్నాను, ఇక్కడివాళ్ళతో పని చేస్తాను, వాళ్ళ ఇళ్ళల్లో అన్నం తిన్నాను, వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పుకునేవి విన్నాను, చెప్పకుండా దాటేసేవి కూడా గమనించాను. ఆ మెసేజ్‌లో ఉన్న జర్మనీ ఇక్కడెక్కడా లేదు. జర్మన్లు ప్రశ్నలు వెయ్యకుండా పని చేసిన కాలం ఒకటి నిజంగానే ఉంది, అది 1933 నుంచి 1945 దాకా. ఆ పన్నెండేళ్ళు ఏం జరిగిందో లోకానికంతా తెలుసు.

నా వాదన ముందే చెప్పేస్తాను. బిల్డింగులు పదిహేనేళ్ళలో లేచాయి, దానికి కష్టంతో పాటు అప్పుల మాఫీ, బయటి డబ్బు, బయటి మనుషులు, ఉన్నవాడి దగ్గర తీసుకుని పోగొట్టుకున్నవాడికిచ్చిన ఒక చట్టం, ఇవన్నీ కారణం. దేశం మనసు బాగుపడటానికి మాత్రం నలభై ఏళ్ళు పట్టింది, ఆ పని చేసింది "జర్మన్ ప్రజలు" అందరూ కలిసి కాదు, వాళ్ళలో కొద్దిమంది మొండివాళ్ళు, అది కూడా మిగతావాళ్ళ చేత తిట్లు తింటూ.

ముందు ఆ శిథిలాల సంగతి. 1945 మే 8న లొంగిపోయేనాటికి పెద్ద ఊళ్ళన్నీ కూలి ఉన్నాయి, దేశాన్ని నాలుగు ముక్కలు చేసి అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి, ప్రభుత్వమనేదే లేదు. తలకి గుడ్డ కట్టుకుని చేతికి చెయ్యి అందించుకుంటూ ఇటుకలు మోస్తున్న ఆడవాళ్ళ ఫొటోలు మీరూ చూసుంటారు. అవి అబద్ధం కాదు, బెర్లిన్‌లో దాదాపు 60 వేలమంది ఆడవాళ్ళు ఆ పని చేసారు, చాలామంది మంచి రేషన్ కార్డు వస్తుందనే చేసారు. కానీ దేశమంతా వాళ్ళే ఎత్తిపోసారన్నది తర్వాత పెరిగిన కథ అని ఇక్కడి చరిత్రకారులే తేల్చారు. ఎక్కువ భాగం తీసింది కాంట్రాక్టు కంపెనీలు, మెషిన్లు పెట్టి, చిన్న రైలు పట్టాలు వేసి. మొదటి నెలల్లో చాలాచోట్ల నాజీ పార్టీ మెంబర్ల చేత శిక్షగా ఎత్తించారు.

ఆ రాళ్ళన్నీ ఎక్కడికి పోయాయి అనే సందేహం వస్తే స్టుట్‌గార్ట్ రండి, చూపిస్తాను. ఊరి పడమర వైపు బిర్కెన్‌కోఫ్ అని ఒక కొండ. 1953 నుంచి 1957 దాకా లారీల్లో శిథిలాలు తెచ్చి దాని మీద పోస్తే కొండ దాదాపు 40 మీటర్లు పెరిగింది, ఇప్పుడు 511 మీటర్లు. కింద నుంచి నడిచెళ్తే మామూలు అడవి దారే, చెట్లు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, జాగింగ్ చేసేవాళ్ళు. పైకి వెళ్ళాక చెట్లు ఆగిపోయి రాళ్ళు మొదలవుతాయి, అవి కొండ రాళ్ళు కావు. కిటికీ కమాను ముక్క, స్తంభం మీది నగిషీ, ఎవరి గుమ్మం పైనో చెక్కిన పువ్వు, అన్నీ ఎలా పడ్డవి అలాగే గుట్టలుగా. వాటి మీద కూర్చుని కుర్రాళ్ళు సాయంత్రం బీరు తాగుతుంటారు. పలక మీద రాసి ఉంటుంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరి శిథిలాలతో పేర్చిన ఈ కొండ బలైనవాళ్ళకి స్మారకంగా, బతికున్నవాళ్ళకి హెచ్చరికగా నిలబడి ఉంది అని. మన దగ్గర నుంచి చుట్టాలు ఎవరొచ్చినా నేను కార్ మ్యూజియం కంటే ముందు ఇక్కడికే తీసుకొస్తాను.

సరే, తిండి. 1946-47 చలికాలం ఇక్కడివాళ్ళు తరతరాలు చెప్పుకునే చలికాలం. నదులు గడ్డకట్టాయి, బొగ్గు లేదు, కొన్ని ఊళ్ళలో మనిషికి రోజుకి వెయ్యి కేలరీల తిండి కూడా దొరకలేదు. పట్నంవాళ్ళు తివాచీలు, పెళ్ళి ఉంగరాలు, గోడ గడియారాలు సంచుల్లో వేసుకుని పల్లెలకెళ్ళి బంగాళాదుంపలకి మార్చుకునేవాళ్ళు. నోటుకి విలువ లేక సిగరెట్లే డబ్బయ్యాయి. 1946 డిసెంబర్ 31 రాత్రి కొలోన్ చర్చిలో కార్డినల్ ఫ్రింగ్స్ ప్రసంగంలో, ప్రాణం నిలుపుకోవడానికి కావలసింది పని చేసీ అడిగీ కూడా దొరక్కపోతే తీసుకోవచ్చు అన్నారు, ఆ మాటతో జనం ఆగిన రైళ్ళలో బొగ్గు దించుకోవడానికి మొహమాటపడలేదు. క్రమశిక్షణ కథ చెప్పేవాళ్ళు ఈ చలికాలం గురించి ఎప్పుడూ చెప్పరు. ఆకలేస్తే అందరూ మనుషులే, జర్మన్లు కూడా.

ఇక డబ్బు కథ. అమెరికా ఇచ్చిన సాయం, మార్షల్ ప్లాన్ అని అందరికీ తెలుసు, పశ్చిమ జర్మనీకి 1948-52 మధ్య సుమారు 140 కోట్ల డాలర్లు వచ్చాయి, కానీ బ్రిటన్‌కి, ఫ్రాన్స్‌కి అంతకంటే ఎక్కువే వచ్చాయి, కాబట్టి అదొక్కటే కారణమైతే బ్రిటనే ముందుండాలి. ఇంకో విషయం, బాంబులు ఇళ్ళని కూల్చినంతగా ఫ్యాక్టరీ మెషిన్లని కూల్చలేదు. యుద్ధం కోసం కొత్తగా కట్టిన ఫ్యాక్టరీలు చాలా మిగిలాయి, వాటిని కట్టడంలో, నడపడంలో యూరప్ అంతటి నుంచి పట్టుకొచ్చిన వెట్టి కూలీల చెమట ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీని మళ్ళీ నడిపించింది ఐవన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజర్. అంటే సున్నా నుంచి మొదలుపెట్టారన్న మాట అసలు నిజం కాదు.

1948 జూన్ 20 ఆదివారం, కొత్త డాయిష్ మార్క్ వచ్చింది, మనిషికి 40 చేతిలో పెట్టారు. సోమవారం పొద్దున షాపులు సరుకుతో నిండిపోయాయి. జనం సంతోషించారు, కోపం కూడా వచ్చింది, ఎందుకంటే ఆ సరుకంతా మొన్నటిదాకా గోడౌన్లలో దాచిపెట్టినదే అని తెలిసిపోయింది. అదే సమయంలో ఆర్థిక వ్యవహారాలు చూసే లుడ్విగ్ ఎర్హార్డ్ ధరల మీద కంట్రోల్ ఎత్తేస్తే రేట్లు ఎగబాకాయి, జీతాలు ఎక్కడివక్కడే, నవంబర్ 12న 90 లక్షలమందికి పైగా కార్మికులు ఒకరోజు సమ్మె చేసారు. 90 లక్షలు! ప్రశ్నలు వెయ్యని జనమట.

ఆ కరెన్సీ మార్పులో ఒక పెద్ద అన్యాయం కూడా ఉంది. బ్యాంకులో వంద పాత మార్కులు దాచుకున్నవాడికి చివరికి ఆరున్నర కొత్త మార్కులు వచ్చాయి. ఇల్లున్నవాడికి, పొలమున్నవాడికి, ఫ్యాక్టరీ ఉన్నవాడికి ఏమీ పోలేదు. బాంబు పడి ఇల్లు పోయినవాడు, యుద్ధం ఓడాక తూర్పు యూరప్ నుంచి మూటతో తరిమేయబడ్డ జర్మన్, బ్యాంకు పుస్తకంలో దాచుకున్న ముసలమ్మ, వీళ్ళంతా ఒకవైపు. అదృష్టం కొద్దీ బాంబు పక్కింటి మీద పడినవాడు ఇంకోవైపు. మన దేశంలో ఎవరికీ తెలియని చట్టం ఇక్కడే పుట్టింది, నా దృష్టిలో జర్మనీ కథలో మనం నేర్చుకోదగ్గ మొదటి విషయం ఇదే.

మా ఇంటి ఓనరమ్మకి ఎనభై దాటాయి. ఆవిడ పుట్టింది సుడేటెన్‌లాండ్‌లో, ఇప్పుడది చెక్ రిపబ్లిక్. 1946లో చిన్నపిల్లగా అమ్మతో గూడ్సు బండిలో వచ్చారు, మనిషికి కొద్దిపాటి సామాను తప్ప ఏమీ తేనివ్వలేదు. ఇక్కడ ఒక పల్లెలో రైతు ఇంట్లో ఒక గది వీళ్ళకి ఇవ్వమని ఆఫీసు వాళ్ళు ఆర్డరేసారు, రైతుకి ఇష్టమా కాదా అని అడగలేదు. ఆ రైతు భార్య వంటింటికి తాళం వేసుకునేదట, రాత్రిపూట దుంపలు లెక్కపెట్టుకునేదట, "ఆ కాందిశీకుల పిల్లలతో ఆడొద్దు" అని తన పిల్లలకి చెప్పేదట. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే మతం, ఒకే జాతి, అయినా ఇదీ పరిస్థితి. ఇలా వచ్చినవాళ్ళు ఒకరిద్దరు కాదు, 1950 నాటికి పశ్చిమ జర్మనీలోనే 80 లక్షలమంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. ఇంతమంది అన్నీ పోగొట్టుకుని, పక్కవాడి నిండు ఇల్లు చూస్తూ కూర్చుంటే, ఇంకో హిట్లర్ పుట్టడానికి ఎంతసేపు పడుతుంది?

అందుకని 1952 ఆగస్టులో భారాన్ని పంచుకునే చట్టం ఒకటి చేసారు. 1948 జూన్ 21న నీకున్న ఆస్తి ఎంతో లెక్క కట్టి, చిన్న ఆస్తులకి కొంత మినహాయింపిచ్చి, అందులో సగం నువ్వు కట్టాలి. సగం! ఐతే ఒకేసారి కాదు, మూడు నెలలకోసారి వాయిదాలు, 1979 దాకా. ఆ డబ్బుతో ఇల్లు పోయినవాళ్ళకి, తరిమేయబడ్డవాళ్ళకి సామానుకి ఇంత, ఇల్లు కట్టుకోవడానికి లోను, ముసలివాళ్ళకి పెన్షను. మా ఓనరమ్మ వాళ్ళ ఇల్లు అలాగే లేచింది, నేనిప్పుడు అద్దెకుంటున్నది ఆ ఇంట్లోనే, పై అంతస్తు. చట్టం గొప్పదే కానీ దాన్ని మరీ ఎత్తక్కర్లేదు, వాయిదాలు ఏళ్ళకేళ్ళు సాగేసరికి, దేశం ధనికమవుతున్న కొద్దీ, ఉన్నవాళ్ళకి ఆ సగం పెద్ద బరువనిపించలేదు, పోగొట్టుకున్నవాళ్ళకి పోయినంతా తిరిగి రాలేదు. అయినా యుద్ధనష్టం ఎవడి నుదుటి రాత వాడిది అని వదిలెయ్యకుండా, అది అందరం కలిసి చేసుకున్నది కాబట్టి అందరం కలిసి మోద్దాం అని చట్టంలో రాసుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

మరో సహాయం బయటి నుంచి వచ్చింది. 1953 ఫిబ్రవరిలో లండన్‌లో అప్పులిచ్చిన దేశాలన్నీ కూర్చుని పశ్చిమ జర్మనీ పాత అప్పుల్ని దాదాపు సగానికి తగ్గించాయి, మిగతావి ఎగుమతుల మీద సంపాదించి తీర్చుకునేలా టైమిచ్చాయి. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశాల్లో గ్రీస్ కూడా ఉంది, జర్మన్ ఆక్రమణలో ఆకలితో జనం రాలిపోయిన గ్రీస్. 2010 తర్వాత గ్రీస్ అప్పుల్లో మునిగినప్పుడు జర్మనీ ఎంత కఠినంగా మాట్లాడిందో గుర్తున్నవాళ్ళకి ఈ విషయం గుండెల్లో గుచ్చుకుంటుంది. ఇక పనివాళ్ళు చాలక 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని కూలీలని రప్పించారు. పదిలక్షలో అతిథి కార్మికుడని 1964లో ఒక పోర్చుగల్ వడ్రంగికి కొలోన్ స్టేషన్లో బ్యాండు మేళంతో మోపెడ్ బహుమతిచ్చారు. ఆర్థిక అద్భుతం అని మనం పొగిడేదాంట్లో వీళ్ళ నడుములు కూడా ఉన్నాయి, వాళ్ళ మనవలకి పౌరసత్వం ఇవ్వాలా వద్దా అని మాత్రం 2000 దాకా కొట్టుకున్నారు.

ఇప్పుడు రాజ్యాంగం. 1933 మార్చి 23న హిట్లర్‌కి సర్వాధికారాలిచ్చింది పార్లమెంటే, ఓట్లేసి మరీ, 444 మంది సరే అన్నారు, 94 మంది సోషల్ డెమోక్రాట్లు మాత్రం కాదన్నారు, కమ్యూనిస్టులని అప్పటికే జైళ్ళలో వేసారు లేదా తరిమేసారు. అంటే మెజారిటీ ఉంటే ఏదైనా చెయ్యొచ్చు అనే దారిలోనే నియంతృత్వం వచ్చింది. అందుకే 1949 మే 23న వచ్చిన కొత్త రాజ్యాంగంలో మొదటి ఆర్టికల్ మనిషి గౌరవం ఎవరూ ముట్టుకోరానిది అని మొదలవుతుంది, 79వ ఆర్టికల్ ఏమో కొన్ని మూలసూత్రాలని మూడింట రెండొంతుల మెజారిటీతో కూడా మార్చడానికి వీల్లేదని తాళం వేసింది. రాసినవాళ్ళు 65 మంది, అందులో ఆడవాళ్ళు నలుగురే. ఎలిజబెత్ సెల్బర్ట్ అనే లాయర్ ఆడా మగా సమానహక్కులు అనే వాక్యం పెట్టాలంటే మిగతావాళ్ళు ఓడించారు, ఆవిడ ఊరుకోకుండా దేశమంతా తిరిగి మాట్లాడితే ఉత్తరాలు గంపలకొద్దీ వచ్చి పడ్డాయి, 1949 జనవరిలో దిగొచ్చి ఒప్పుకున్నారు.

ఈ తాళం మన దాకా వచ్చింది, తెలుగువాళ్ళకి దీంతో ఒక సంబంధం కూడా ఉంది. హైడెల్‌బర్గ్ నుంచి డీట్రిష్ కాన్రాడ్ అనే లా ప్రొఫెసర్ 1965లో బనారస్ హిందూ యూనివర్సిటీలో ఒక లెక్చర్ ఇచ్చారు, రాజ్యాంగాన్ని సవరించే అధికారం ఉందని రాజ్యాంగాన్నే చంపెయ్యొచ్చా అని. హిట్లర్ ఎలా వచ్చాడో చదివిన మనిషి కాబట్టి ఆ ప్రశ్న ఆయనకి పుస్తకాల ప్రశ్న కాదు. ఆ పేపర్ లాయర్ ఎం.కె. నంబియార్ చేతికొచ్చింది, 1967లో గోలక్‌నాథ్ కేసులో సుప్రీం కోర్టు ముందు ఆ వాదన పెట్టారు. ఆ 11 మంది జడ్జిల బెంచికి పెద్ద మన కోకా సుబ్బారావు గారే, రాజమండ్రిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొదటి చీఫ్ జస్టిస్‌గా చేసి ఢిల్లీ వెళ్ళిన మనిషి. ఆయన ఆ వాదనలో చాలా బలం ఉందన్నారు, తీర్పు మాత్రం వేరే దారిలో ఇచ్చారు. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మందిలో ఏడుగురు రాజ్యాంగం మూల స్వరూపం మార్చడానికి వీల్లేదన్నప్పుడు జస్టిస్ ఖన్నా కాన్రాడ్ మాటల్ని తీర్పులోనే ఎత్తి చూపించారు. రెండేళ్ళలో ఎమర్జెన్సీ వచ్చింది. జర్మనీ నుంచి మనకి వచ్చినవాటిలో రూర్కెలా స్టీల్ ప్లాంటు గురించి, మద్రాస్ ఐఐటీ గురించి అందరూ చెప్తారు, దీని గురించి ఎవరూ చెప్పరు.

ఇక్కడిదాకా విని, చూసావా ఎంత గొప్పవాళ్ళో అనుకుంటే అసలు విషయం దాటిపోయినట్టే.

మా ఓనరమ్మని ఒకసారి అడిగాను, మీ నాన్నగారు యుద్ధంలో ఎక్కడ ఉండేవారండీ అని. తూర్పున ఎక్కడో అన్నారు. పార్టీలో ఉండేవారా? "నేను చిన్నప్పుడు ఒక్కసారే అడిగాను, మా అమ్మ కడుగుతున్న గిన్నె ఠక్కున కింద పెట్టింది, మళ్ళీ అడగలేదు" అన్నారు. ఇలాంటి వంటిళ్ళు దేశమంతా ఉన్నాయి. 1950లలో జర్మనీ చేసింది సరిగ్గా మన మెసేజ్ పొగిడే పనే, గతం తవ్వకుండా ముందుకెళ్ళడం. నాజీల్ని ఏరెయ్యడానికి అమెరికన్లు 131 ప్రశ్నల ఫారం ఇస్తే, పాస్టరు గారి దగ్గరో పక్కింటాయన దగ్గరో మంచివాడని సర్టిఫికెట్ తెచ్చుకుని జనం బయటపడ్డారు. 1951లో ఇంకో చట్టం తెచ్చి తీసేసిన పాత ఉద్యోగుల్ని మళ్ళీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. యూదుల మీద తెచ్చిన నూరెంబర్గ్ చట్టాలకి వ్యాఖ్యానం రాసిన హాన్స్ గ్లోబ్కె, 1953 నుంచి పదేళ్ళు చాన్సలర్ అడెనావర్ ఆఫీసుకి అధిపతి. న్యాయశాఖ తన పాత ఫైళ్ళు తనే తవ్వించుకుంటే 2016లో బయటపడింది, 1949-73 మధ్య అక్కడి పెద్ద పోస్టుల్లో ఉన్న 170 మంది లాయర్లలో 90 మంది నాజీ పార్టీ మెంబర్లు. దొంగలే పోలీసు స్టేషన్ నడిపినట్టు. 1956లో దేశపు అత్యున్నత సివిల్, క్రిమినల్ కోర్టు, రోమా జనాన్ని (జిప్సీలని) 1943కి ముందు నాజీలు క్యాంపులకి తరలించింది జాతి ద్వేషంతో కాదు, వాళ్ళ "నేర స్వభావం" వల్ల అని తీర్పిచ్చి వాళ్ళ నష్టపరిహారం ఎగ్గొట్టింది. వాళ్ళ మీద జరిగింది జాతి హత్యాకాండ అని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1982 దాకా ఆగాల్సొచ్చింది, అంతకుముందు వాళ్ళు పాత నాజీ క్యాంపు డాఖౌలో నిరాహార దీక్ష చేస్తే గానీ ఎవరికీ చెవినెక్కలేదు. ఇజ్రాయెల్‌కి 300 కోట్ల మార్కులిచ్చే ఒప్పందం 1953 మార్చిలో పార్లమెంటుకొస్తే అడెనావర్ సొంత కూటమి నుంచే బోలెడుమంది తప్పుకున్నారు, ప్రతిపక్షం ఓట్లతో గట్టెక్కింది, 239 మంది అవునంటే 35 మంది కాదన్నారు, 86 మంది ఎటూ తేల్చలేదు.

ఇప్పుడు నేను అందరికీ చెప్పాలనుకునే మనిషి దగ్గరికి వస్తాను. ఫ్రిట్జ్ బావర్. 1903లో స్టుట్‌గార్ట్‌లోనే పుట్టాడు, యూదుడు, సోషల్ డెమోక్రాట్, చిన్న వయసులోనే జడ్జి. 1933లో పట్టుకుని హొయిబెర్గ్ క్యాంపులో పడేసారు. తర్వాత డెన్మార్క్, స్వీడన్ పారిపోయి బతికాడు. ఏ మనిషైనా మళ్ళీ ఈ దేశం మొహం చూస్తాడా? ఆయన 1949లో తిరిగొచ్చాడు. 1956 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో హెస్సె రాష్ట్రానికి చీఫ్ ప్రాసిక్యూటర్. యూదుల్ని చావు క్యాంపులకి తరలించే పని నడిపించిన నాజీ అధికారి ఐక్‌మన్ ఇక్కడున్నాడని అర్జెంటీనా నుంచి కబురొస్తే జర్మన్ అధికారులకి చెప్పలేదు, చెప్తే వాళ్ళే వాడికి ఉప్పందిస్తారని భయం, రహస్యంగా ఇజ్రాయెల్‌కి చెప్పాడు. సొంత ప్రభుత్వానికి తెలిస్తే ఉద్యోగమే కాదు, చాలా పోయేది.

1963 డిసెంబర్ 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ విచారణ మొదలైంది, ఆష్విట్జ్ అంటే పోలాండ్‌లో నాజీలు నడిపిన చావు క్యాంపు. 22 మంది నిందితులు. వాళ్ళెవరో చూడండి. ఆష్విట్జ్‌లో ఖైదీల్ని చిత్రహింసలు పెట్టి చంపిన విల్హెల్మ్ బోగర్, మా ఊరికి దగ్గర్లోనే హెమ్మింగెన్ అనే చిన్న ఊళ్ళో కాపురం పెట్టుకుని ఉద్యోగానికి వెళ్ళొస్తున్నాడు. రైలు దిగినవాళ్ళలో ఎవరు బతకాలో ఎవరు చావాలో ఏరిన కపేసియస్, గ్యోపింగెన్‌లో మందుల షాపు ఓనరు. జనం అతని దగ్గర దగ్గుమందు కొనుక్కుని, నమస్కారం పెట్టి వెళ్ళేవాళ్ళు. నేను ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా ఇది తలుచుకోకుండా ఉండలేను. 350 మందికి పైగా సాక్షులు వచ్చారు, వాళ్ళలో 200 మందికి పైగా ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడినవాళ్ళు, తమని కొట్టినవాడి ఎదురుగా నిలబడి, వాళ్ళకి బాగా గుర్తున్న ఆ భాష వింటూ, సాక్ష్యం చెప్పారు. ఇరవై నెలలు నడిచి 1965 ఆగస్టులో తీర్పొచ్చింది, 17 మందికి శిక్ష పడితే యావజ్జీవం ఆరుగురికే, కపేసియస్‌కి తొమ్మిదేళ్ళు. బావర్‌కి ఆ తీర్పు తృప్తినివ్వలేదు. ఆయనకి బెదిరింపు ఉత్తరాలు వస్తూనే ఉండేవి, 1968లో చనిపోయాడు. ఆయన్ని హీరో అనడం మొదలుపెట్టింది పోయిన చాలా ఏళ్ళకి.

మా లుడ్విగ్స్‌బుర్గ్‌లో పాత ఆడవాళ్ళ జైలు బిల్డింగ్ ఒకటుంది, చుట్టూ ఎత్తు గోడ. 1958 డిసెంబర్‌లో మా ఊళ్ళో మొదలైన, నాజీ నేరాల్ని వెతికే కేంద్ర ఆఫీసు ఉన్నది అందులోనే. లోపల 17 లక్షలకి పైగా కార్డులు, మనిషి పేరు, ఊరు, ఏ యూనిట్, ఏ కేసు. మొదట్లో ఊరివాళ్ళకి అది తమ మధ్య ఉండటమే నచ్చలేదు. దాని మొదటి అధిపతే పాత నాజీ పార్టీ మెంబరని బయటపడి 1966లో దిగిపోయాడు. అలాంటి దేశం, అలాంటి ఆఫీసు, అయినా పని ఆగలేదు. హత్యానేరానికి కాలదోషం పట్టి కేసులు మూసేసే గడువు దగ్గరపడితే పార్లమెంటులో 1965లో, 1969లో, 1979లో మూడుసార్లు పెద్ద యుద్ధమే జరిగింది, చివరికి హత్యకి గడువే లేదని తేల్చారు. అందువల్లే 2022లో కూడా, ష్టుట్‌హోఫ్ అనే నాజీ క్యాంపులో టైపిస్టుగా పని చేసిన 97 ఏళ్ళ ఆవిడకి కోర్టు శిక్ష వేసింది. అంత ముసలావిడ మీద కేసెందుకు అని ఇక్కడి కొలీగ్స్ కొందరు అన్నారు. హత్య ఆదేశాలు టైపు చేసిన చెయ్యి ఎంత ముసలిదైనా, చచ్చిపోయినవాళ్ళకి ముసలితనం రానే లేదు కదా అన్నాను నేను.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని పక్కన పెట్టడం అన్యాయం. హెర్మాన్ ల్యూబె అనే తత్వవేత్త 1983లో అన్నదేంటంటే, 1950లలో ఆ మౌనం లేకపోతే ప్రజాస్వామ్యం నిలబడేదే కాదు, లక్షలమంది పాత నాజీల్ని గోడకి నొక్కితే వాళ్ళు కొత్త రాజ్యం మీదే తిరగబడేవాళ్ళు, నోరు మూసుకుని కలుపుకున్నారు కాబట్టే మెల్లగా మారారు అని. చాలామంది తెలివైనవాళ్ళు ఒప్పుకునే వాదన ఇది. నేను ఒప్పుకోను. ఆ శాంతికి కట్టిన ధర ఎవరు కట్టారు? జిప్సీ అని మళ్ళీ అదే పోలీసు చేత తన్నులు తిన్న రోమా కట్టాడు. నాజీల కాలంలో కఠినం చేసిన స్వలింగ సంపర్క చట్టం ఒక్క అక్షరం మారకుండా 1969 దాకా ఉంది కాబట్టి, క్యాంపు నుంచి బయటికొచ్చి మళ్ళీ జైలుకెళ్ళిన మనిషి కట్టాడు. ఉక్రెయిన్ నుంచి, పోలాండ్ నుంచి వెట్టికి లాక్కొచ్చినవాళ్ళకి 2000లో చట్టం చేసి వెయ్యి కోట్ల మార్కులు పక్కన పెట్టేనాటికి చాలామంది పోయారు, మిగిలినవాళ్ళకి చేతికొచ్చింది అంతంతమాత్రం. నేరస్తుల మనసు నొచ్చుకోకుండా చూసుకోవడానికి బాధితుల్ని యాభై ఏళ్ళు ఆగమనడాన్ని తెలివైన రాజకీయం అని నేనెలా అంటాను?

మార్పు కింది నుంచే వచ్చింది. 1970 డిసెంబర్ 7న వార్సాలో యూదుల స్మారకం ముందు చాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకాళ్ళ మీద కూర్చుంటే, తను నాజీల మీద పోరాడి దేశం విడిచినవాడు, ఆయన క్షమాపణ అడగాల్సిన అవసరమే లేదు, అయినా సర్వేలో 48 శాతం జర్మన్లు అతి చేసాడన్నారు, 41 శాతమే సరే అన్నారు. 1979లో యూదుల హత్యాకాండ మీద అమెరికన్ టీవీ సీరియల్ వస్తే కోట్లమంది చూసి టీవీ స్టేషన్‌కి ఏడుస్తూ ఫోన్లు చేసారు. తర్వాత స్కూలు పిల్లలు, టీచర్లు, రిటైరైనవాళ్ళు తమ ఊరి యూదులు ఏమయ్యారో మున్సిపల్ కాగితాల్లో వెతకడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఫుట్‌పాత్‌ల మీద పది సెంటీమీటర్ల ఇత్తడి బిళ్ళలు కనిపిస్తాయి, ఇక్కడ ఫలానావారు ఉండేవారు, ఫలానా ఏడు తీసుకుపోయారు, ఫలానా చోట చంపారు అని. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టాడు, 2023లో లక్ష దాటాయి. ఒక్కో బిళ్ళకీ ఎవరో ఒక మామూలు మనిషి డబ్బిచ్చి, కాగితాలు వెతికి, అప్పుడప్పుడు వంగి తుడుస్తాడు.

తూర్పు జర్మనీ వేరే కథ, రెండో నియంతృత్వం. వాళ్ళు మేం ఫాసిస్టు వ్యతిరేకులం, ఆ పాపం పశ్చిమంవాళ్ళదే అని నలభై ఏళ్ళు చేతులు దులిపేసుకున్నారు. కానీ 1989 డిసెంబర్‌లో ఎర్ఫుర్ట్‌లో కొందరు ఆడవాళ్ళు ముందుపడి రహస్య పోలీసు ఆఫీసులోకి చొరబడి కాగితాలు తగలెయ్యకుండా ఆపారు, 1990 జనవరి 15న బెర్లిన్‌లో పెద్దాఫీసే ఆక్రమించారు. 111 కిలోమీటర్ల ఫైళ్ళు మిగిలాయి. 1992 నుంచి ఎవరి ఫైలు వాళ్ళు చదువుకోవచ్చు, తన మీద రిపోర్టులు రాసింది పక్కింటాయనా, స్నేహితుడా, కట్టుకున్న మొగుడా అని. మంట పెట్టి మర్చిపోదాం అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఈసారి మాత్రం జనం ఒప్పుకోలేదు, 1950లు వాళ్ళకి గుర్తున్నాయి.

ఇదంతా అయిపోయిన కథ అని ఇక్కడ ఎవరూ అనుకోవట్లేదు. 2017లో ఏఎఫ్‌డీ అనే తీవ్ర మితవాద పార్టీ నాయకుడొకడు జ్ఞాపకాల విషయంలో 180 డిగ్రీలు తిరగాలన్నాడు, 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆ పార్టీకి 20.8 శాతం ఓట్లొచ్చాయి, మన పిల్లలు చదువుకోడానికొచ్చే ఊళ్ళలో కూడా ఆ పోస్టర్లు వెలిసాయి. ఇంకొకటి నమీబియా, ఒకప్పటి జర్మన్ వలస. 1904-08 మధ్య అక్కడ హెరెరో, నామా జనాన్ని జర్మన్ సైన్యం మూకుమ్మడిగా చంపింది. 2021లో జర్మనీ అది జాతి హత్యాకాండే అని ఒప్పుకుని ముప్పై ఏళ్ళలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది, కానీ నష్టపరిహారం అనే పేరు పెట్టకుండా, అభివృద్ధి సాయం లెక్కలో. హెరెరో, నామా పెద్దలు చాలామంది మమ్మల్ని నేరుగా కూర్చోబెట్టి మాట్లాడకుండా ఈ ఒప్పందమేంటని తిరస్కరించారు. వాళ్ళదే న్యాయం అని నేనంటాను. 1952లో యూదుల సంస్థల ప్రతినిధుల్ని ఇజ్రాయెల్ ప్రభుత్వంతో పాటు ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్క తేల్చిన దేశం ఇది, అప్పుడు తిండికి కష్టపడి అయిదేళ్ళు కూడా కాలేదు. ఇవాళ ఇంత డబ్బున్న జర్మనీ నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో అదే పద్ధతి ఎందుకు పాటించకూడదో బెర్లిన్ ప్రభుత్వం ఇంతవరకు సరైన జవాబు చెప్పలేదు.